చేతికివ్వని డబ్బు

మూడో అంతస్తు ఫ్లాటు,
వంటగది కిటికీ పక్కన,
జూన్ 6

చెల్లాయికి,

అక్క రాస్తున్నది. నీ మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటున్నావా, లేక ఆ ఊగిపోయే కమ్మీనే నమ్ముకున్నావా? కింద వాటా ఇంటావిడకి ఆయాసం తగ్గిందా? ఆవిడ కూతురికి కాన్పయిందా, తల్లీ పిల్లా కులాసానా? నీ పిల్లి పాలు ముట్టడం లేదని రాశావు, ఇప్పుడు తాగుతోందా? నీ కంట్లో వేసుకునే చుక్కల మందు అయిపోకముందే కొత్త సీసా తెచ్చిపెట్టుకో. ఆఖరి చుక్క దాకా ఆగే అలవాటు నీకు చిన్నప్పట్నుంచీ ఉంది.

ఇక్కడ అందరం బాగున్నామని రాద్దామని కూర్చున్నాను గానీ చెయ్యి సాగడం లేదు. అబ్బాయీ కోడలూ విడిపోతున్నారు. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. అలాగైనా జరిగి ఉంటే నేను మధ్యలో దూరి ఏదో ఒకటి సర్దేదాన్ని. రెండేళ్ళుగా వాళ్ళ మధ్య మాట లేదు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని, "అమ్మా, గీజరు ఆపమని చెప్పు" అని వాడూ, "ఆపానని చెప్పండి అత్తయ్యా" అని తనూ. జీతం లేని పోస్టుమాన్ ఉద్యోగం చేశాను. నీకు రాయలేదు. రాస్తే నిజమైపోతుందేమోనని భయం.

పోయిన నెల కోడలు ఒక సూట్‌కేసూ ఒక దుప్పటీ పట్టుకుని వెళ్ళిపోయింది. తను పనిచేసే కళ్ళద్దాల షాపు పైన గది ఉందట, అక్కడ ఉంటోంది. ఏం తింటోందో ఏమో. ఆ గదికి కిటికీ కూడా లేదని షాపువాళ్ళ ద్వారా తెలిసింది. గాలి ఆడకపోతే మనిషికి తలనొప్పి వస్తుంది కదా.

ఇప్పుడు అసలు సంగతి. అబ్బాయి లాయరు ఒక కాగితం పంపాడు, నేను సంతకం పెట్టాలట. అందులో మాట మాటకీ చూసి రాస్తున్నాను: "సదరు ఫ్లాటు పూర్తిగా నా సొంత సంపాదనతో కొన్నది. ఇందులో నా కోడలికి ఎటువంటి హక్కూ లేదు." నువ్వు ముప్పై ఏళ్ళు లాయరు ఆఫీసులో టైపు కొట్టినదానివి, నీకు ఇలాంటివి తెలుస్తాయి. ఫ్లాటు నా పేరునే ఉంది కాబట్టి సంతకం పెడితే తప్పేం లేదుగా? అబ్బాయి తొందర పెడుతున్నాడు. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. ఇప్పుడే లేచి గ్యాసు కట్టేశానో లేదో చూసొచ్చాను. కట్టేశాను.

నీ అక్క

*

మేడమీద గది,
జూన్ 13

అక్కకి,

మోకాలు అలాగే ఉంది. ఇంటావిడకి ఆయాసం తగ్గింది, నోరు తగ్గలేదు. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. పిల్లి పాలు తాగుతోంది, మనవి కాదు, పక్కవాళ్ళవి. చుక్కల మందు తెచ్చుకున్నాను.

విడిపోతున్నందుకు నేను బాధపడను, నువ్వూ పడకు. మాట లేని ఇంట్లో ఉండటం కన్నా కిటికీ లేని గదిలో ఉండటం నయం. రెండూ ఉండి చూశాను.

కాగితం సంగతి. ఫ్లాటు నీ పేరున ఉందని నాకు తెలుసు. ఎందుకు ఉందో కూడా తెలుసు. వాడు స్నేహితుడికి హామీ ఉండి చిక్కులో పడితే, అప్పులవాళ్ళు ఇంటి మీదికి వస్తారని నీకు భయం వేసి నీ పేరున రాయించావు. ముసలిదాని పేరున ఉంటే ఎవరూ గొడవపడరని అప్పట్లో నాకు రాశావు.

పేరు నీదే. డబ్బు ఎవరిది? కాజాలు కుట్టి, బొత్తాలు కుట్టి నువ్వు ఫ్లాటు కొన్నావా? ఆ కాగితం అడుగుతున్నది పేరు గురించి కాదు. దానికి జవాబు రాయి. రాసేదాకా సంతకం పెట్టకు.

చెల్లి

*

వంటగది కిటికీ పక్కన,
జూన్ 21

చెల్లాయికి,

నీ ఉత్తరం చదివాక మంచినీళ్ళు తాగి మళ్ళీ చదివాను. నువ్వు రాస్తే ఎదురుగా కూర్చుని దబాయించినట్టే ఉంటుంది.

డబ్బు ఎవరిదని అడిగావు. నీకు గట్టు సంగతి గుర్తుండే ఉంటుంది. నాన్న జీతం తెచ్చి అమ్మ చేతిలో పెట్టిన ప్రతిసారీ ఇంట్లో గొడవయ్యేది. ఒక నెల కోపమొచ్చి ఆ నోట్లు కిటికీ గట్టు మీద పడేసి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ నెల గొడవ రాలేదు. ఇక అమ్మ చచ్చేదాకా ఎవరి చేతి నుంచీ డబ్బు తీసుకోలేదు, ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఆ నెల నాన్నకి జ్వరం, అందుకే అరవలేకపోయాడని నువ్వనేదానివి. ఏమో. నాకు మాత్రం అమ్మ మాటే పట్టుకుంది. కుట్టు షాపు ఓనరు కూడా నా కూలి మిషను మీద పెట్టి పక్కకి జరిగేవాడు. బ్యాంకులో ఎలాగూ అద్దం కింద గాడిలో తోసేస్తాం కాబట్టి అక్కడ బెంగ లేదు.

పెళ్ళయి వచ్చిన కొత్తలో కోడలు తన జీతంలోంచి కొంత తీసి నా చేతికి ఇవ్వబోయింది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. తన డబ్బు నాకు అక్కర్లేదన్నాననుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడు చెప్పాను, అలా కాదమ్మా, ఇక్కడ పెట్టు అని. వంటగది కిటికీ గట్టు మీద, నా పెద్ద కత్తెర కింద. ఫ్లాటు కొన్నాక కూడా అంతే. వాయిదాలో సగం అబ్బాయి తన బ్యాంకు నుంచి కట్టేవాడు. మిగతా సగం కోడలు ప్రతి నెలా మొదటి వారం కత్తెర కింద పెట్టేది. నేను తీసుకెళ్ళి నా పేరున కట్టి వచ్చేదాన్ని. తొమ్మిదేళ్ళు. మణికట్టు విరిగిన నెల కూడా ఎడమ చేత్తో పెట్టింది.

కాబట్టి తను ఇచ్చినట్టు ఎక్కడా ఒక్క అక్షరం లేదు. రసీదులన్నీ నా పేరునే. ఈ సంగతి అబ్బాయికి తెలుసు. కానీ వాడి ఉద్యోగం నీకు తెలుసుగా, లిఫ్టు చూసిన ప్రతిసారీ లోపల అట్ట మీద తారీకు వేసి సంతకం పెట్టాలి. పెట్టకపోతే చూడనట్టే. వాడి బుర్ర కూడా అలాగే అయింది. "కాగితం మీద లేనిది జరగనట్టే అమ్మా" అంటున్నాడు. వాడు చెడ్డవాడు కాదు. ఒకసారి హామీ ఉండి మోసపోయాక, చేతిలోంచి ఏదైనా జారుతోందంటే ప్రాణం మీదికి వచ్చినట్టు చేస్తాడు.

కోడలు తనకేమీ వద్దంది. లాయరుకి అదే చెప్పిందట. తనే వద్దంటుంటే మధ్యలో నేనెందుకు? నా భయం కూడా రాస్తాను. ఫ్లాటు పంచాలంటే అమ్మాలి. అమ్మితే డెబ్బై ఒకటో ఏట నేను ఏ గుమ్మం ఎక్కను? నువ్వూ అప్పట్లో మొగుడి దగ్గర్నుంచి చిల్లిగవ్వ తీసుకోకుండా వచ్చేశావు. బతకలేదా? దర్జాగా బతికావు. అలాగే తనూ బతుకుతుంది. వయసులో ఉంది, చేతిలో పనుంది.

పై అంతస్తు వాళ్ళ పంపు నుంచి మా గోడకి చెమ్మ దిగుతోంది. అదొక దిగులు.

నీ అక్క

*

మేడమీద గది,
జూలై 2

అక్కకి,

దర్జాగా బతికానని రాశావు. నాకు నాలుగు పళ్ళు లేవు. వయసుకి ఊడిపోయాయని నీకు రాశాను. అబద్ధం. నలభై నిండకముందే పోయాయి. పన్ను కట్టించడానికి అయ్యే ఖర్చులో పదో వంతుకి పీకేస్తారు. నొప్పి వచ్చినప్పుడల్లా పీకించుకున్నాను. నాలుగోసారి ఆ డాక్టరు నన్ను చూసి, కుర్చీలో కూర్చోకముందే పట్టకారు తీశాడు.

గది అద్దె కట్టలేక రెండుసార్లు మారాను. నీకు రాసేటప్పుడు గాలి బాగా వస్తుందని మారాననేదాన్ని. నీకు చెప్తే నువ్వు నిద్రపోవు, నిద్రపోకుండా ఏమీ చెయ్యనూ లేవు. అందుకని చెప్పలేదు.

ఆఫీసులో ముప్పై ఏళ్ళు పరాయివాళ్ళ విడాకుల కాగితాలు టైపు చేశాను. ఆస్తులు పంచుకునేటప్పుడు ఎవరూ ఆస్తి గురించి మాట్లాడరు. ఇల్లు వదిలేసి కుట్టుమిషను కోసం ఏడాది తిరిగిన ఆవిడ ఉంది. తండ్రి దివాలా తీసినవాడు పెళ్ళానికి పైసా రానివ్వడు, తనకి ఎంత ఉన్నా సరే. డబ్బు పాపం అని పెంచిన పిల్ల సంతకం పెట్టి ఉత్త చేతులతో వెళ్ళిపోతుంది, అందరూ మెచ్చుకుంటారు, మర్నాటి నుంచీ ఎవరూ పలకరించరు. లాయరు చట్టం చెప్తాడు. వాళ్ళు చిన్నప్పుడు ఇంట్లో విన్నదాని ప్రకారం సంతకం పెడతారు. నేనూ అలాగే పెట్టాను. అడగటం నామోషీ అనుకున్నాను.

అయితే ఒకటి. నేను అడగలేదు, నిజమే. ఆయన కూడా ఇవ్వలేదు. తనంతట తాను ఏమైనా పంపి ఉంటే తీసుకునేదాన్ని. ఆ ఏడాది నీకు రాసి అడిగాను కూడా, ఆయన మీ ఇంటికి ఏమైనా వచ్చాడా, ఏమైనా ఇచ్చాడా అని. లేదని రాశావు. ఆ తర్వాత ఇక ఎదురుచూడటం మానేశాను.

నీ కోడలు వద్దంటోంది. ఎందుకు వద్దంటోందో కనుక్కున్నావా?

చెల్లి

*

వంటగది కిటికీ పక్కన,
జూలై 19

చెల్లాయికి,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. గోడ చెమ్మ వంటగది దాకా వచ్చింది. పంపు బాగుచేసేవాడు వచ్చి చూసి, ఇది మా పని కాదు, పైవాళ్ళ పని అన్నాడు. పైవాళ్ళు ఇది కింది గొట్టం అన్నారు. గొట్టం మూల దగ్గర వంపు తిరుగుతుంది, ఆ వంపు ఎవరిదో తేలాలట. పలుగు పెట్టి తవ్వితే గోడ పడిపోతుందేమోనని నా భయం. సున్నం రాలి అల్మరాలో బట్టల మీద పడింది. అన్నీ తీసి దులిపాను. నడుము పట్టేసింది. కాపడం పెట్టుకున్నాను.

కోడలు వచ్చింది. అబ్బాయి డ్యూటీకి వెళ్ళిన టైము చూసుకుని వచ్చింది. నా కళ్ళద్దాలు పాతబడ్డాయని తనకి తెలుసు, వెళ్ళేముందే నా కళ్ళు కొలిచి పెట్టుకుందట. కొత్త అద్దాలు తనే అరగదీసి తెచ్చింది. ముక్కు మీద పెట్టి, చెవుల దగ్గర కాడలు సరిచేసి, దూరం కూర్చుని చూసింది. "ఇప్పుడు సూదిలో దారం ఎక్కుతుందా అత్తయ్యా?" అంది. ఒక్కసారికే ఎక్కింది.

నేను అద్దాల డబ్బు తీసి గట్టు మీద పెట్టాను, కత్తెర కింద. తను చూసింది గానీ లేవలేదు. ఆ గట్టునే చూస్తూ కూర్చుంది. అప్పుడు అడిగాను, ఎందుకమ్మా ఏమీ వద్దంటున్నావు అని.

"ఇప్పుడు అడిగి తీసుకుంటే, ఈ తొమ్మిదేళ్ళూ నేను ఈ ఇంట్లో జీతానికి ఉన్నట్టుంటుంది అత్తయ్యా," అంది.

వెళ్ళేటప్పుడు మెట్ల దాకా వెళ్ళాను. డబ్బు గట్టు మీదే ఉండిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది, తీయడానికి మనసొప్పడం లేదు, వదిలేస్తే చెమ్మకి తడుస్తుందేమోనని దిగులు.

పంపువాడు రేపు మళ్ళీ వస్తానన్నాడు. రాడు.

నీ అక్క

*

మేడమీద గది,
జూలై 27

అక్కకి,

పంపు గురించి అంత పొడుగ్గా రాశావు. నా పళ్ళ గురించి ఒక్క ముక్క రాయలేదు. నాకు జలుబు చేస్తేనే నాలుగు కషాయాలు రాసి పంపేదానివి నువ్వు.

నువ్వు ఏదైనా దాచినప్పుడు ఇంట్లో వస్తువుల గురించి రాస్తావు. బావగారికి జబ్బు ముదిరిన నెలలో మూడు ఉత్తరాలూ కుర్చీల గురించి రాశావు.

ఏమిటది?

చెల్లి

*

వంటగది కిటికీ పక్కన,
ఆగస్టు 11

చెల్లాయికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది చింపను.

ఆయన వచ్చాడు. నువ్వు వచ్చేసిన ఏడాది, నువ్వు ఇంకా మొదటి గదిలోనే ఉన్నావు. పొద్దున్నే వచ్చాడు. మీ బావ పనికి వెళ్ళారు. నేను కాజాలు కుడుతున్నాను. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడి జేబులోంచి ఒక కవరు తీసి నాకు ఇవ్వబోయాడు. నేను చెయ్యి చాపలేదు. మన ఇంటి పద్ధతి ఆయనకి తెలుసు కదా, నువ్వే చెప్పి నవ్వించి ఉంటావు. మరి మాట్లాడకుండా కిటికీ దగ్గరికి వెళ్ళి గట్టు మీద పెట్టాడు. "తనకి ఇవ్వండి వదినగారూ. ఇది తన వాటా. నా చేత్తో ఇస్తే తీసుకోదు," అన్నాడు. వెళ్ళిపోయాడు. మంచినీళ్ళు కూడా తాగలేదు.

నేను నీకు ఇవ్వలేదు.

వాడుకున్నానని అనుకోకు. ఆ కవరు తెరవను కూడా తెరవలేదు. విడిపోయిన కాపురం డబ్బు ఇంకో ఇంట్లోకి వస్తే ఆ ఇల్లు కూడా విడిపోతుందని నా భయం. నీకు పంపితే నీకు మళ్ళీ కీడు జరుగుతుందేమోనని భయం. తిరిగి ఇచ్చేద్దామంటే ఆయన చేతికి ఎలా ఇవ్వను, ఆయనింటి గట్టు ఎక్కడుందో నాకేం తెలుసు. ఇవ్వాళ కాదు రేపు అనుకుంటూ కుట్టుమిషను సొరుగులో అడుగున పరిచిన కాగితం కింద పెట్టాను. ఇంతలో నువ్వు రాసి అడిగావు. అప్పటికి నెల దాటింది. ఇప్పుడు చెప్తే ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటావని లేదని రాసేశాను. ఒకసారి లేదని రాశాక ఇక ఉందని ఎలా రాయను?

ముప్పై ఎనిమిదేళ్ళు దాని మీదే బొత్తాలూ దారపు ఉండలూ పెట్టుకుని కుట్టాను. ఇల్లు మారిన ప్రతిసారీ మిషనుతో పాటు వచ్చింది. ఆ కాలం నోట్లు ఇప్పుడు చెల్లవని అబ్బాయి ఏదో మాటల్లో అన్నప్పుడు నేను వంటగదిలోకి వెళ్ళి స్టూలు మీద కూర్చుండిపోయాను. ఏమైందమ్మా అంటే తల తిరిగిందన్నాను.

నీ పళ్ళ గురించి చదివినప్పట్నుంచీ నాకు నమలడం చేతకావడం లేదు. ఏది నోట్లో పెట్టుకున్నా నువ్వే గుర్తొస్తున్నావు. నువ్వు నన్ను ఏమన్నా అను, ఉత్తరం రాయడం మానకు.

లాయరు కాగితం ఇంకా సంతకం పెట్టలేదు. రాజీ కుదిర్చే ఆఫీసులో సెప్టెంబరు తొమ్మిదిన రమ్మన్నారు. నన్నూ రమ్మన్నారు.

అక్క

*

మేడమీద గది,
సెప్టెంబరు 1

అక్కకి,

నీ ఉత్తరం పద్నాలుగో తారీకున అందింది. జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. జబ్బేమీ లేదు, కంగారు పడకు.

ఒక సంగతి చెప్తాను. ఆ తర్వాత ఆరేడేళ్ళకి ఆయన్ని బస్టాపులో చూశాను. ఆయన రెండడుగులు ముందుకు వేసి, నేను ఏదైనా అంటానేమోనని నిలబడ్డాడు. నేను ముఖం తిప్పుకున్నాను. ఇంత నిర్దయగా పంపేసినవాడు ఏ మొహం పెట్టుకుని చూస్తున్నాడా అనుకున్నాను. ఇప్పుడు లెక్క చూస్తే, ఆయన దృష్టిలో నేను తన డబ్బు తీసుకుని మంచో చెడో ఒక్క మాటైనా అనని మనిషిని. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. ఇద్దరం ఒకరి గురించి ఒకరం తప్పే అనుకున్నాం. బస్సు వచ్చింది, నేను ఎక్కాను.

దీన్ని గురించి ఇంకేమీ రాయను. కోపం ఉందో లేదో నాకే సరిగ్గా తెలియడం లేదు. ఉన్నప్పుడు గిన్నెలు తోముతున్నాను. అన్నీ మెరుస్తున్నాయి.

తొమ్మిదో తారీకు సంగతి వినుకో. అక్కడ నీ కోడలి దగ్గర రుజువు లేదు. నీ కొడుకు దగ్గర రసీదులున్నాయి. తొమ్మిదేళ్ళు ఆ గట్టు మీది డబ్బు ఎవరు పెట్టారో చూసిన మనిషివి నువ్వొక్కదానివే. ఒకసారి గట్టు మీద పెట్టినదాన్ని లేదని రాశావు. రెండోసారి కూడా లేదని సంతకం పెడితే, నాకు ఇక రాయకు. ఇది కోపంతో రాస్తున్నది కాదు.

ఇల్లు పోతే ఎక్కడ ఉంటావన్న భయం నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా వెళ్ళి చెప్పు.

చెల్లి

*

వంటగది కిటికీ పక్కన,
సెప్టెంబరు 12

చెల్లాయికి,

వెళ్ళాను. చెప్పాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, నువ్వు టైపు కొట్టుకునేంత వరసగా.

గుండ్రటి బల్ల, ఐదు కుర్చీలు. రాజీ కుదిర్చే ఆవిడ నా వయసులో సగం ఉంటుంది, మెల్లగా మాట్లాడుతుంది. అబ్బాయి, వాడి లాయరు ఒక పక్క. కోడలు ఒక్కతే, లాయరు లేడు. లాయరు కాగితం నా ముందు పెట్టి పెన్ను ఇవ్వబోయాడు. అలవాటు చొప్పున నేను చెయ్యి చాపలేదు, ఆయన బల్ల మీద పెట్టాడు. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, అక్కడ పడిపోతే వీళ్ళకి ఎంత ఇబ్బందో అనుకున్నాను.

సంతకం పెట్టనన్నాను. కత్తెర సంగతి మొదలుపెట్టాను. నాన్న జ్వరం దగ్గర్నుంచీ చెప్పాను, మధ్యలో ఎక్కడ ఆపాలో తెలియలేదు. వాయిదాలో సగం ఈ పిల్లదే, తొమ్మిదేళ్ళు, నా చేతికి కాదు గట్టు మీద పెట్టింది, నేను కట్టాను అన్నాను. లాయరు రుజువేదీ అన్నాడు. రాజీ ఆవిడే జవాబిచ్చింది, సొంత ఇల్లు పోయే మాట ఎవరూ ఊరికే చెప్పరండీ అని.

అబ్బాయి నావైపు చూడలేదు. బల్ల వైపు చూస్తూ, "అమ్మా, నువ్వు ఎవరి అమ్మవి?" అన్నాడు.

"నీ అమ్మనేరా. గట్టు మీది డబ్బు తీసింది కూడా నేనే," అన్నాను.

ఆ తర్వాత అసలు చిక్కు వచ్చింది. కోడలు తల అడ్డంగా ఊపుతోంది. అత్తయ్య చెప్పింది నిజమే గానీ నాకేమీ వద్దండీ అంటోంది. రాజీ ఆవిడ కూడా పెన్ను పక్కన పెట్టేసింది. అంత కష్టపడి నోరు తెరిచి అంతా చెప్పాక ఇదేమిట్రా అనిపించింది నాకు. ఇంకేం తోచక, "నా చెల్లెలికి నాలుగు పళ్ళు లేవమ్మా," అన్నాను. లాయరు నాకు మతి పోయిందనుకున్నాడు. నువ్వు ఏమీ తీసుకోకుండా వచ్చావని, ఆ నాలుగు ఎలా పోయాయో, నీ కవరు ఏమైందో, మొత్తం చెప్పాను. నీ సంగతి పదిమందిలో పెట్టాను, తప్పే. నీ పేరు మాత్రం చెప్పలేదు.

కోడలు కుర్చీ ముందుకి జరుపుకుంది. రాజీ ఆవిడ వైపు తిరిగి, "నేను పెట్టింది నాకివ్వండి. అంతకన్నా ఒక్క పైసా వద్దు," అంది. తను పెట్టింది సగం వాయిదాలు కాబట్టి అదే రాశారు. ఫ్లాటు అమ్మి వచ్చినదాంట్లో సగం తనకి, సగం అబ్బాయికి. నాకేమీ రాయవద్దన్నాను.

అబ్బాయి నాతో రాకుండా వేరే బస్సెక్కాడు. రెండు రోజులు మాట లేదు. ఇంట్లో మూడో మనిషి లేడు కదా, గీజరు ఆపమని చెప్పించుకోవడానికి. నిన్న సాయంత్రం కొలత టేపు తీసి నా కుట్టుమిషను పొడవూ వెడల్పూ కొలిచి అట్ట మీద రాసుకున్నాడు, తారీకుతో సహా. డిపో దగ్గర రెండు గదుల వాటా చూశాడట. కిటికీ కింద మిషను పడుతుందా లేదా చూడాలన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

ఇవ్వాళ కళ్ళద్దాల షాపుకి వెళ్ళాను. ఆ అద్దాల డబ్బు కోడలి చేతిలో పెట్టాను. గట్టు లేదు, బల్ల లేదు, చేతిలోనే. తను నా చెయ్యి కూడా పట్టుకుని, డబ్బు మీద తన గుప్పిట మూసేదాకా వదల్లేదు. ఇంటికొచ్చేదాకా ఎదురుచూశాను గొడవ ఎటు నుంచి వస్తుందా అని. పంపువాడు వచ్చాడు, అంతే.

కవరు ఇంకా సొరుగులోనే ఉంది. పోస్టులో పంపడానికి ధైర్యం లేదు, దారిలో పోతే? నన్ను రానిస్తావా?

నీ అక్క

*

మేడమీద గది,
సెప్టెంబరు 24

అక్కకి,

నా పళ్ళు ఒకరికైనా పనికొచ్చాయి. సంతోషం.

కవరు తెరవకు. నోట్లు చెల్లకపోతే చెల్లకపోయాయి, లోపల ఒక కాగితం ముక్క కూడా ఉండొచ్చు. ఆయనకి ఏది ఇచ్చినా ఒక మాట రాసి ఇచ్చే అలవాటు ఉండేది. ఉంటే చదువుతాను. లేకపోతే లేదు. ఏది ఉన్నా నువ్వు ఎదురుగా ఉండగానే తెరుస్తాను. నువ్వు ముప్పై ఎనిమిదేళ్ళు కాపలా కాశావు, ఆ మాత్రం చూసే హక్కు నీకుంది.

నిన్ను క్షమించానని రాయను. ఆ మాట రాసి చూశాను, నా చేతిరాతలా లేదు. వచ్చాక పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుందాం. అది ఎవరినీ ఏమీ అడగదు.

బస్సు దిగాక కంగారుపడి ముందుకి నడవకు, నేను అక్కడే ఉంటాను. మందులు రెండు పూటలవి ఎక్కువే తెచ్చుకో. బయల్దేరేముందు గ్యాసు ఒక్కసారే చూసుకో. మెట్ల కమ్మీ బాగుచేయించమని ఇంటావిడకి చెప్పాను, చేయించింది, నీ గురించే.

ఇంకొకటి. ఈ గది కిటికీకి గట్టు లేదు. కవరు నా చేతికే ఇవ్వాలి.

అక్టోబరు పద్దెనిమిది, శనివారం, పదిన్నర బస్సు.

చెల్లి